వీపు కండరాలను చేత్తో గుర్తుపట్టడం, పరీక్షించడం, బలపరచడం

నడుము పట్టేసినా, మెడ కింద బరువుగా ఉన్నా అందరూ చెప్పే మాట ఒకటే: వీపు కండరాలు బలహీనపడ్డాయి, వ్యాయామం చెయ్యండి. ఏ కండరమో మాత్రం చెప్పరు. అక్కడే చిక్కు. వీపు మీద ఉబ్బెత్తుగా కనిపించే పెద్ద కండరాలు నిజానికి చేతినీ భుజాన్నీ కదిపేవి. వెన్నెముకను నిలబెట్టే కండరాలు వాటి అడుగున, ఎముకను అంటిపెట్టుకుని ఉంటాయి. పుల్-అప్స్ తీసి వీపు వెడల్పు చేసుకున్నవాళ్లకు కూడా వంగి బరువెత్తగానే నడుము పట్టేస్తుంటుంది. బలం పెరిగిన పొర ఒకటి, ఆ పనికి కావలసిన పొర ఇంకొకటి.

ఈ తేడా నరాల్లోనూ ఉంది. వెన్నుపాము నుంచి వచ్చే ప్రతి నరం బయటికి రాగానే ముందు కొమ్మ, వెనక కొమ్మగా చీలుతుంది. వెన్నెముకను నిలబెట్టే లోపలి కండరాలన్నిటికీ వెనక కొమ్మలే వెళ్తాయి. పై కండరాలకు చేతికి వెళ్లే ముందు కొమ్మల నుంచి నరాలు వస్తాయి. మెడ నుంచి వీపు మధ్య దాకా పరుచుకున్న ట్రపీజియస్ అనే పై కండరం ఒక్కటే దీనికి మినహాయింపు. దాన్ని కదిపేది తల లోంచి దిగివచ్చే 11వ కపాల నరం. అందుకే ఏ కండరం పనిచేయడం లేదో కచ్చితంగా తెలిస్తే, దెబ్బతిన్న నరం ఏదో డాక్టరు ఊహించగలుగుతారు.

ముందు ఎముకలు దొరకాలి

కండరాన్ని వెతకాలంటే అది పట్టుకుని ఉన్న ఎముక ముందు వేలికి తగలాలి. ఇంకొకరి వీపు మీద చూడటం తేలిక. ఒంటరిగా చూసుకుంటే మెడ, నడుము అందుతాయి కానీ మధ్య భాగం అందదు. వీపు మీద బట్ట లేకుండా, చేతులు పక్కలకు వదిలేసి నిలబడాలి. గోళ్ల వైపుతో పొడవకుండా వేళ్ల మెత్తలతో నిదానంగా నొక్కాలి. గట్టిగా గుచ్చితే కండరం తనంతట తానే బిగుసుకుంటుంది, అప్పుడు కింద ఏముందో తెలియదు.

తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక పెద్ద బుడిపె పైకి వస్తుంది. అది 7వ మెడ వెన్నుపూస, రిపోర్టుల్లో సీ7. కొందరిలో రెండు బుడిపెలు ఒకే ఎత్తులో ఉండి ఏది ఏదో తెలియదు. అప్పుడు ఒక్కోదాని మీద ఒక్కో వేలు పెట్టి, తలను నెమ్మదిగా వెనక్కి వాల్చమనండి. పై బుడిపె వేలి కింద నుంచి లోపలికి జారిపోయి, కిందిది కదలకుండా ఉంటే జారినది 6వది, నిలిచినది 7వది. రెండూ జారకపోతే మీరు ఒక పూస కిందికి వచ్చేశారు.

అక్కడి నుంచి భుజం వైపు వెళ్తే రెక్క ఎముక దొరుకుతుంది. దాని మీద అడ్డంగా ఒక గట్టు ఉంటుంది. ఆ గట్టు లోపలి కొస 3వ ఛాతీ వెన్నుపూస ఎత్తులో, రెక్క ఎముక అడుగు మొన 7వ ఛాతీ వెన్నుపూస ఎత్తులో ఉంటాయి. చేతులు కిందికి వదిలి ఉన్నప్పుడు మాత్రమే ఈ లెక్క నమ్మదగినది. చెయ్యి పైకెత్తితే రెక్క ఎముక తిరిగిపోతుంది.

రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంటే అరచేతుల కింద తగిలే గట్లు తుంటి ఎముక పై అంచులు. ఆ రెండిటినీ కలుపుతూ అడ్డంగా గీత గీస్తే అది 4వ నడుము వెన్నుపూస దగ్గర వెన్నెముకను దాటుతుంది. ఇంకా కింద, పిరుదుల పైన చాలామందికి రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి త్రికాస్థి (నడుము పూసల కింద, తుంటి ఎముకల మధ్య ఉండే ఎముక) 2వ పూస ఎత్తులో ఉంటాయి. మెడలో 7, ఛాతీలో 12, నడుములో 5, మొత్తం 24 కదిలే పూసలు. పై గుర్తులు చేతికి వస్తే వీటిలో దేన్నైనా ఒకటీ అరా తేడాతో లెక్కపెట్టవచ్చు.

పై పొర: చేతి కోసం ఉన్న కండరాలు

అన్నిటికన్నా పైన ఉన్నది ట్రపీజియస్. పుర్రె వెనక భాగం నుంచి 12వ ఛాతీ వెన్నుపూస వరకూ మధ్య గీత పొడవునా మొదలై, జత్రుక (మెడ కింద ముందువైపు అడ్డంగా ఉండే ఎముక) బయటి మూడో వంతుకూ రెక్క ఎముక గట్టుకూ వెళ్లి అతుక్కుంటుంది. ఒకే కండరం అయినా మూడు భాగాలు మూడు దిక్కులకు లాగుతాయి. పరీక్ష కూడా మూడు రకాలుగా చేయాలి. భుజాలు చెవుల వైపు ఎత్తితే మెడ పక్కన గట్టిపడేది పై భాగం. చేతులు పక్కలకు భుజం ఎత్తులో చాపి రెక్కలను దగ్గరికి లాగితే మధ్య భాగం బిగుస్తుంది. బోర్లా పడుకుని, చేతులు తలకు పైగా ఏటవాలుగా చాపి, బొటనవేళ్లు పైకి చూసేలా నేల నుంచి ఎత్తితే రెక్క ఎముకకూ 12వ పూసకూ మధ్య ఏటవాలుగా లేచేది కింది భాగం. ఈ చివరి పరీక్షలో చాలామంది తడబడతారు. కింది భాగం బలహీనంగా ఉంటే భుజాలు చెవుల దగ్గరికి జరుగుతాయి, అంటే పై భాగం దాని పని లాక్కుంటోందన్నమాట.

ఇదెందుకు ముఖ్యమంటే, చెయ్యి 180 డిగ్రీలు పైకి లేవాలంటే భుజం కీలు సుమారు 120 డిగ్రీలే ఇస్తుంది. మిగతా 60 డిగ్రీలు రెక్క ఎముక పైకి తిరగడం వల్ల వస్తాయి. ఆ తిప్పడం ట్రపీజియస్ పై, కింది భాగాలూ, పక్కటెముకల మీద ఉండే సెరేటస్ యాంటీరియర్ కలిసి చేసే పని. వీటిలో ఏది వెనకబడినా చెయ్యి పైకెత్తినప్పుడు భుజంలో నొప్పి రావచ్చు. అలాంటప్పుడు నొప్పి భుజంలో ఉంది కదా అని భుజానికే వైద్యం చేస్తే తగ్గకపోవచ్చు.

వీపు కింది సగమంతా పరుచుకుని ఉండేది లాటిసిమస్ డోర్సై, జిమ్ భాషలో లాట్స్. 7 నుంచి 12 వరకూ ఛాతీ పూసలు, నడుము మీది దళసరి పొర, తుంటి ఎముక అంచు, కింది మూడు నాలుగు పక్కటెముకల నుంచి మొదలై చంక కింద నుంచి మెలితిరిగి జబ్బ ఎముక ముందు వైపుకు వెళ్తుంది. చెయ్యిని కిందికి, వెనక్కి, శరీరం వైపుకు లాగడం, లోపలికి తిప్పడం దీని పనులు. పట్టుకోవడం చాలా తేలిక. చంక వెనక అంచును బొటనవేలితోనూ మిగతా వేళ్లతోనూ పట్టుకుని గట్టిగా దగ్గండి. వేళ్ల మధ్య ఒక్కసారిగా బిగుస్తుంది. గట్టిగా ఊపిరి వదిలేటప్పుడు పక్కటెముకలను నొక్కే పని కూడా ఇది చేస్తుంది. రోజుల తరబడి దగ్గిన తర్వాత చంక కింద, వీపు పక్కన నొప్పి రావడానికి ఇదొక కారణం.

ట్రపీజియస్ కింద దాక్కున్నవి లెవేటర్ స్కాపులే, రాంబాయిడ్లు. లెవేటర్ మొదటి నాలుగు మెడ పూసల పక్క కొమ్ముల నుంచి దిగి రెక్క ఎముక పై లోపలి మూలకు అతుక్కుంటుంది. మెడ పట్టేసినప్పుడు వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుండే చోటు సాధారణంగా ఆ మూలే. రాంబాయిడ్లు 7వ మెడ పూస నుంచి 5వ ఛాతీ పూస వరకూ మొదలై రెక్క ఎముక లోపలి అంచుకు వెళ్తాయి. ట్రపీజియస్ పైన కప్పి ఉంది కాబట్టి రాంబాయిడ్లను విడిగా పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చెయ్యి వెనక్కి మడిచి, చేతి వెనక భాగం నడుము మీద ఆనించి, దాన్ని రెండంగుళాలు వెనక్కి ఎత్తమనండి. ఈ స్థితిలో ట్రపీజియస్ చాలావరకు వదులుగా ఉంటుంది. రెక్కకూ వెన్నుకూ మధ్య వేలి కింద ఉబికేది రాంబాయిడ్.

ట్రపీజియస్, లాటిసిమస్, రెక్క ఎముక అంచు, ఈ మూడిటి మధ్య ఒక చిన్న త్రికోణం మిగిలిపోతుంది. అక్కడ కండరం పల్చన. డాక్టరు ఛాతీ పరీక్ష చేసేటప్పుడు చేతులు ముందుకు కట్టుకోమనేది అందుకే. రెక్కలు పక్కలకు జరిగి ఆ త్రికోణం పెద్దదవుతుంది, ఊపిరి చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.

మధ్య పొరలో సెరేటస్ పోస్టీరియర్ అనే పల్చని కండరాలు పైన ఒక జత, కింద ఒక జత పక్కటెముకలకు అతుక్కుని ఉంటాయి. వ్యాయామం కోసం వీటిని విడిగా పట్టించుకోనక్కర్లేదు.

లోపలి పొర: వెన్నెముకను నిలబెట్టేవి

నడుము దగ్గర వెన్నెముకకు రెండు వైపులా నిలువుగా తాళ్లలా కనిపించేవి ఎరెక్టర్ స్పైనే. ప్రతి వైపూ మూడు వరసలు. బయటిది పక్కటెముకలకు అతుక్కునే ఇలియోకాస్టాలిస్, నడిమిది అన్నిటికన్నా పొడవైన లాంజిసిమస్, లోపలిది పూసల ముళ్లను ఆనుకుని ఉండే స్పైనాలిస్. ఇవి వీపును నిటారుగా నిలుపుతాయి, వెనక్కి వంచుతాయి, ఒక్క వైపువే పనిచేస్తే పక్కకు వంచుతాయి. కానీ రోజులో ఇవి ఎక్కువగా చేసే పని ఎత్తడం కాదు, ఆపడం. మీరు ముందుకు వంగుతున్నప్పుడు శరీరాన్ని కిందికి లాగేది భూమి. ఒక్కసారిగా పడిపోకుండా కొంచెం కొంచెంగా వదులుతూ పట్టి ఉంచేవి ఈ కండరాలు. అలా సాగుతూ బరువు మోసే పనిలోనే కండరానికి నొప్పి ఎక్కువ పడుతుంది. అలవాటు లేని పని చేసిన మర్నాడు నడుము పట్టుకునేది ఇందుకే.

దీన్ని మీ నడుము మీదే చూడవచ్చు. నిలబడి, రెండు బొటనవేళ్లూ నడుము పూసలకు రెండు వైపులా మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టి కొద్దిగా నొక్కండి. కొంచెం వెనక్కి వాలితే కండరం మెత్తగా ఉంటుంది. ఇప్పుడు తుంటి దగ్గర నుంచి చాలా నెమ్మదిగా ముందుకు వాలండి. ఐదారు డిగ్రీలు కూడా వాలకముందే రెండు వైపులా గట్టిపడుతుంది. అక్కడే ఆగి తల, భుజాలు మాత్రం వెనక్కి తీసుకురండి, మళ్లీ మెత్తబడుతుంది. ఈ పరీక్ష ఒక్కసారి చేసిచూస్తే చాలు, మెడ ముందుకు చాచి గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్ల నడుము సాయంత్రానికి ఎందుకు బిగుసుకుంటుందో అర్థమవుతుంది. వాళ్ల కండరం పొద్దున్నుంచీ ఒక్క నిమిషం కూడా వదులు కాలేదు.

బొటనవేళ్లు అక్కడే ఉంచి కుడి కాలు నేల నుంచి ఎత్తండి. కుడి వైపు గట్టిపడుతుంది. ఆధారం పోయిన కుడి తుంటి కిందికి జారకుండా అది పైకి పట్టి ఉంచుతోంది. నడుస్తూ చూస్తే ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, అడుగుకొక వైపు మారుతుంది. నడక నడుముకు మంచిదనడంలో ఒక కారణం ఇది. ప్రతి అడుగుకూ ఒక వైపు పని, ఒక వైపు విశ్రాంతి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పూర్తిగా వంగి వేలాడినప్పుడు ఎరెక్టర్ స్పైనే దాదాపు పనిచేయడం ఆపేస్తుంది. విద్యుత్ సంకేతాలు కొలిస్తే అక్కడ నిశ్శబ్దం. బరువంతా వెన్ను వెనక ఎముకలను కలిపి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్ల మీదా, పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీదా పడుతుంది. గూనుగా కుర్చీలో కూలబడి కూర్చున్నా కొంతవరకు ఇదే జరుగుతుంది. ఆ స్థితిలో అరగంట ఉండి, లేచిన వెంటనే బరువెత్తితే సాగి ఉన్న లిగమెంట్లు వెంటనే సాయానికి రావు. లేచాక రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ నడిచి ఆ తర్వాత ఎత్తడం మంచిది.

వీటి అడుగున మల్టీఫిడస్ ఉంటుంది. రెండు నుంచి నాలుగు పూసలు దాటేంత పొట్టి పోగులతో అల్లుకుని, నడుము అడుగున బాగా మందంగా ఉంటుంది. పెద్ద కదలికలు దీని పని కాదు. ఒక పూస పక్క పూస మీద జారకుండా, మెలిపడకుండా పట్టి ఉంచడం దీని పని. దొరకబుచ్చుకోవడానికి మనిషిని బోర్లా పడుకోబెట్టి, పిరుదుల పై గుంటలకు కొంచెం పైన, పూస ముల్లుకు ఆనుకుని వేలు పెట్టండి. ఎదుటి వైపు చేతిని తల పక్కన చాపి బల్ల నుంచి ఐదు సెంటీమీటర్లు ఎత్తమనండి. వేలి కింద నెమ్మదిగా ఉబ్బుతుంది. ఒక వైపు ఉబ్బి, రెండో వైపు మెత్తగా ఉండిపోతే ఆ రెండో వైపు గుర్తుపెట్టుకోవాలి. ఒక్కసారి నడుము గట్టిగా పట్టేస్తే నొప్పి ఉన్న వైపు మల్టీఫిడస్ సన్నబడుతుంది. నొప్పి తగ్గిపోయాక కూడా అది తనంతట తాను పూర్వపు మందానికి రాకపోవచ్చు. నడుము నొప్పి మళ్లీ మళ్లీ తిరగబెట్టడానికి ఇదొక పెద్ద కారణం. నొప్పి పోయిన రోజునే వ్యాయామం ఆపేయకూడదు అనడం దీని గురించే.

మల్టీఫిడస్ కన్నా లోతుగా రొటేటర్లు, పూసల మధ్య చిన్న చిన్న కండరాలు ఉంటాయి. వాటి బలం చాలా తక్కువ. కానీ సాగుదలను మెదడుకు చెప్పే స్పిండిల్స్ వాటిలో చాలా ఎక్కువ. అవి వెన్నెముక ఏ కోణంలో ఉందో ఎప్పటికప్పుడు తెలియజేసే కొలత పరికరాల్లా పనిచేస్తాయని చెప్పడం సరిగ్గా ఉంటుంది.

క్వాడ్రేటస్ లంబోరంను శాస్త్రప్రకారం పొట్ట వెనక గోడ కండరాల్లో చేరుస్తారు. కానీ దాని నొప్పి నడుములోనే తెలుస్తుంది కాబట్టి ఇక్కడ చెప్పక తప్పదు. తుంటి ఎముక అంచు నుంచి 12వ పక్కటెముకకూ, మొదటి నాలుగు నడుము పూసల పక్క కొమ్ములకూ వెళ్తుంది. ఎరెక్టర్ బయటి అంచు దాటాక, పక్కటెముకకూ తుంటికీ మధ్య మెత్తటి చోట వేళ్లు పెట్టి, మోకాలు మడవకుండా ఆ వైపు తుంటిని పైకి ఎగదీస్తే లోపల బిగుస్తుంది. ఒక చేత్తోనే బరువు మోసేటప్పుడు ఎదుటి వైపున పక్కకు ఒరిగిపోకుండా ఆపే కండరాల్లో ఇదొకటి.

బరువెత్తేటప్పుడు లెక్క

నడుము కండరాలు డిస్కు మధ్య నుంచి సుమారు 6 సెంటీమీటర్ల వెనకే ఉంటాయి. చేతిలోని బరువు ముందు ఎంతో దూరంలో ఉంటుంది. 15 కిలోల వస్తువును డిస్కు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 15ను 40తో గుణించి 6తో భాగించండి: ఆ వస్తువు కోసమే కండరం 100 కిలోల బరువుకు సమానమైన లాగుడు లాగాలి. అదే వస్తువును 20 సెంటీమీటర్లకు తెస్తే 50 కిలోలు. పై శరీరం బరువు దీనికి అదనం. కండరం లాగిన ప్రతి కిలో డిస్కును నొక్కుతుంది కూడా.

1999లో ప్రచురించిన ఒక కొలతలో 70 కిలోల మనిషి నడుము 4వ, 5వ పూసల మధ్య డిస్కులో సెన్సర్ అమర్చి ఒత్తిడి చూశారు. పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్, నిలబడితే 0.5. 20 కిలోలు శరీరానికి దగ్గరగా పట్టుకుని నిలబడితే 1.1. అదే 20 కిలోలను మోకాళ్లు మడిచి, వీపు నిటారుగా ఉంచి ఎత్తితే 1.7. వీపు గూనుగా వంచి ఎత్తితే 2.3. అందరూ వీపు వంపు గురించే మాట్లాడతారు. పై లెక్క ప్రకారం బరువు ఎంత దగ్గరగా ఉందన్నది కూడా అంతే ముఖ్యం.

ఎత్తే పద్ధతి: వస్తువు రెండు పాదాల మధ్యకు వచ్చేలా నిలబడండి. మోకాళ్లు కొద్దిగా వదులు చేసి, పిరుదులను వెనక్కి నెడుతూ తుంటి దగ్గర మడవండి. పట్టు దొరికాక, ఎవరో పొట్ట మీద గుద్దబోతున్నట్టు పొట్ట చుట్టూ బిగించండి. పొట్టను లోపలికి పీల్చకూడదు, అది బిగింపు కాదు. చంకలు మూసి లాట్స్ బిగించండి. లాట్స్ నడుము దళసరి పొరకు అతుక్కుని ఉంటాయి, ఆ పొర ఎదుటి వైపు పిరుదు కండరంతో కలుస్తుంది. చెయ్యి బిగిస్తే నడుముకు సాయం అందేది ఇలాగే. తర్వాత నేలను పాదాలతో నెట్టి లేవండి. తిరగాలంటే పాదాలు జరిపి తిరగాలి, నడుము మెలిపెట్టి కాదు. నిద్ర లేచిన మొదటి గంటలో బరువులు వద్దు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి మిగతా రోజుకన్నా ఎక్కువ.

బలపరచడం: ఏ పొరకు ఏ వ్యాయామం

లోపలి పొరకు కావలసింది ఓర్పు, పై పొరకు కావలసింది బలం. రెండిటికీ ఒకే పద్ధతి పెడితే ఏదో ఒకటి నష్టపోతుంది.

లోపలి పొరకు అన్నిటికన్నా నమ్మదగినది బర్డ్-డాగ్. చేతులు భుజాల కిందా మోకాళ్లు తుంటి కిందా ఉండేలా నాలుగు కాళ్ల మీద నిలవాలి. పొట్ట కొద్దిగా బిగించి, కుడి చెయ్యి ముందుకూ ఎడమ కాలు వెనక్కూ చాపి 8 నుంచి 10 సెకన్లు ఆపండి. ఇంకా ఎక్కువసేపు ఆపాలని ప్రయత్నించకండి. సమయం పెంచడం కన్నా సార్లు పెంచడం మేలు, కండరానికి మధ్యలో రక్తప్రసరణ అందుతుంది. మొదటి విడతలో వైపుకు 6 సార్లు, తర్వాత 4, తర్వాత 2. చివరికి వచ్చేసరికి అలసటతో భంగిమ చెడకుండా ఉండటానికే ఈ తగ్గింపు. మామూలుగా జరిగే తప్పు కాలును తుంటి కన్నా పైకి ఎత్తడం. ఎత్తు పెరిగిన కొద్దీ నడుము లోపలికి వంగిపోయి, పని కండరం నుంచి పూసల కీళ్ల మీదకు జారుతుంది. రెండో తప్పు కాలు ఎత్తిన వైపు తుంటి తెరుచుకోవడం. నడుము మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి చూడండి, అది ఒక పక్కకు జారితే తుంటి తిరిగిందని అర్థం.

క్వాడ్రేటస్ కోసం సైడ్ బ్రిడ్జ్. మోచెయ్యి సరిగ్గా భుజం కింద ఉండాలి. కొత్తవాళ్లు మోకాళ్లు మడిచి, మోకాళ్ల మీదే తుంటిని ఎత్తాలి. 8 నుంచి 10 సెకన్లు, పైన చెప్పిన 6, 4, 2 లెక్కే. భుజం నొప్పి ఉంటే గోడకు మోచెయ్యి ఆనించి నిలబడి చెయ్యవచ్చు. ఈ రెండు వ్యాయామాలూ రోజూ చేసినా పర్వాలేదు.

తుంటి మడత నేర్చుకోవడానికి ఒక పొడవాటి కర్ర చాలు. వీపు వెంట నిలువుగా పట్టుకుంటే తల వెనక, రెక్కల మధ్య, పిరుదుల పైన, మూడు చోట్ల తగలాలి. మోకాళ్లు కొద్దిగా మడిచి పిరుదులు వెనక్కి నెడుతూ వంగండి. మూడిటిలో ఏ ఒక్కటి విడిపోయినా మీ హద్దు అక్కడే. రోజుకు 10 సార్లు, ఆ హద్దు లోపలే. కర్ర లేకుండా సరిగ్గా వచ్చాకే చేతిలో బరువు పట్టుకోవాలి.

పై పొరకు వారంలో రెండు మూడు రోజులు సరిపోతాయి, మధ్యలో ఒక రోజు విరామం ఉండాలి. ఎలాస్టిక్ బ్యాండును ఛాతీ ఎత్తులో గట్టిగా కట్టి లాగే రోయింగ్ మధ్య ట్రపీజియస్‌కూ రాంబాయిడ్లకూ మంచిది. 10 నుంచి 12 సార్లు, మూడు విడతలు. ముందు రెక్కలను ముందుకు జారనివ్వాలి, తర్వాత రెక్కలతో లాగడం మొదలుపెట్టి మోచేతులను వెనక్కి తేవాలి. మోచెయ్యి శరీరం గీత దాటి బాగా వెనక్కి వెళ్తే భుజం ముందుకు దొర్లుతుంది, అక్కడికి ముందే ఆగాలి. లాగాక ఒక సెకను ఆపి, మూడు సెకన్లలో వదలాలి. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించి, భంగిమ మాత్రం చెడకపోతే బ్యాండు సరైనది.

లాట్స్ కోసం బ్యాండును తలకు పైన కట్టి, మోకాళ్ల మీద కూర్చుని మోచేతులను పక్కటెముకల వైపు లాగాలి. బార్ వాడితే ఛాతీ ముందుకే దించండి. మెడ వెనక్కి దించడం భుజాన్ని చివరి కోణంలో నలిపేస్తుంది, దానివల్ల అదనంగా వచ్చే లాభం లేదు.

కింది ట్రపీజియస్ కోసం పైన పరీక్షగా చెప్పినదే వ్యాయామంగా చేయాలి. బోర్లా పడుకుని నుదుటి కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, చేతులు వై ఆకారంలో చాపి, 3 నుంచి 5 సెంటీమీటర్లు ఎత్తి 3 సెకన్లు ఆపండి. 8 సార్లు చాలు. చేతుల బరువే మొదట్లో ఎక్కువ. రెండు మూడు వారాలు శుభ్రంగా వచ్చాక అర కిలో పట్టుకోవచ్చు.

ఓర్పు కొలవాలంటే డెన్మార్క్ వైద్యుడు బీరింగ్-సోరెన్సెన్ పేరుతో 1984 నుంచి వాడుకలో ఉన్న పరీక్ష ఉంది. బల్ల అంచుకు తుంటి ఎముక పై అంచు వచ్చేలా బోర్లా పడుకుని, కాళ్లను బల్లకు కట్టి లేదా ఎవరైనా పట్టుకుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని పై శరీరాన్ని గాల్లో అడ్డంగా నిలపాలి. ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకోండి. 240 సెకన్ల దగ్గర ఆపేయాలి. నెలకోసారి చూస్తే మార్పు తెలుస్తుంది. నడుము నొప్పి ఉన్న రోజుల్లో, గుండె జబ్బు లేదా అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు ఇది చేయకూడదు.

నొప్పి వచ్చినప్పుడు ఏది ఏమిటి

మెడకూ భుజానికీ మధ్య ఎప్పుడూ రాయిలా ఉండే బిగువు ఎక్కువగా ట్రపీజియస్ పై భాగానిది. ఒక చెయ్యి బరువు శరీర బరువులో సుమారు 5 శాతం. 60 కిలోల మనిషికి మూడు కిలోలు. ముంజేతికి ఆధారం లేకుండా కీబోర్డు మీద పనిచేస్తే ఆ బరువును మోసేవాటిలో ఈ కండరం ముందుంటుంది. మర్దన చేస్తే గంటసేపు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ముంజేతులు బల్ల మీద ఆనేలా కుర్చీ ఎత్తు సరిచేసి, తెర పై అంచును కళ్ల ఎత్తుకు తెస్తే నొప్పికి మూలమే తగ్గుతుంది.

మెడ ఒక వైపుకు తిరగకపోతే లెవేటర్‌ను చూడాలి. దాన్ని సాగదీయడానికి తలను నొప్పి లేని వైపుకు 45 డిగ్రీలు తిప్పి, ఆ చంకలోకి చూస్తున్నట్టు వంచి, తల వెనక చెయ్యి బరువు మాత్రం వేసి 20 నుంచి 30 సెకన్లు ఉంచండి. లాగకూడదు. మూడు సార్లు చాలు.

నడుము ఒక్కసారిగా పట్టేస్తే మంచం పట్టుకుని ఉండిపోవడం పెద్ద పొరపాటు. ఒకటి రెండు రోజులు బరువు పనులు మానినా, ఇంట్లో కొద్దికొద్దిగా నడుస్తూనే ఉండాలి. వేడి కాపడం 15 నుంచి 20 నిమిషాలు పెట్టవచ్చు. కండరం పట్టినది అయితే ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొత్త వ్యాయామం చేసిన మర్నాడో ఆ మర్నాడో రెండు వైపులా సమానంగా వచ్చే నొప్పి మూడు రోజుల్లో పోతుంది, దానికి భయపడనక్కర్లేదు. వ్యాయామం చేస్తుండగానే ఒక చోట చటుక్కున వచ్చిన నొప్పి వేరు, అక్కడితో ఆపాలి.

12వ పక్కటెముక కింద, వెన్నెముక పక్కన లోతుగా నొప్పి ఉండి, వంగినా తిరిగినా పడుకున్నా ఏ తేడా లేకపోతే అది మూత్రపిండం కావచ్చు. జ్వరం, చలి, మూత్రంలో మంట లేదా రక్తం తోడైతే కండరం అనుకుని రుద్దుతూ కూర్చోకూడదు. మెడ దగ్గర గడ్డ తీయించుకున్న తర్వాత భుజం వాలిపోయి, చెయ్యి పైకి లేవకపోతే 11వ కపాల నరం గురించి డాక్టరును అడగాలి. గోడను రెండు చేతులతో నెట్టినప్పుడు ఒక రెక్క ఎముక లోపలి అంచు వీపు నుంచి లేచి నిలబడితే అది ఎక్కువగా సెరేటస్ యాంటీరియర్ నరం సమస్య. వీపు కండరాలకు ఎంత వ్యాయామం చేసినా అది సర్దుకోదు.

రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, ఇంతకుముందు క్యాన్సర్ ఉండటం, ఎముకలు గుల్లబారినవాళ్లు లేదా చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు వాడుతున్నవాళ్లు కొంచెం జారిపడినా మొదలైన నొప్పి, వీటికి ఆలస్యం చేయకుండా పరీక్షలు కావాలి. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు పోవడం, తొడల లోపలి వైపూ మలద్వారం చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలం తప్పడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెన్నుపాము కింది నరాల గుత్తి నలుగుతోందని దాని అర్థం. గంటలు గడిచిన కొద్దీ అదుపు తిరిగివచ్చే అవకాశం తగ్గిపోతుంది.